నాకు వినపడని ఈల

నెల కిందట ఐటీఐలో పాఠాలు చెప్పే ఒకాయన మా ఇంటికొచ్చి, మీ అనుభవం గురించి మా విద్యార్థులకి నాలుగు మాటలు చెప్పండి అని తీసుకెళ్ళారు. గంటసేపు మాట్లాడాను. కారు పవర్ స్టీరింగ్‌లో వచ్చే రకరకాల శబ్దాలను నోటితో చేసి మరీ చూపించాను. నవ్వారు, చప్పట్లు కొట్టారు, చివర్లో శాలువా కూడా కప్పారు. ఇంటికొచ్చి ఆ శాలువా మడత పెడుతుంటే సిగ్గేసింది. నేను చేసి చూపించిన శబ్దాల్లో ఒకటి నాకే చాలా ఏళ్ళు వినపడలేదన్న సంగతి వాళ్ళకి చెప్పలేదు. దానివల్ల ఒక ఇంట్లో ఏం జరిగిందో అసలే చెప్పలేదు. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. ఇది చదివే మీలో ఎవరైనా ఆరోజు చప్పట్లు కొట్టి ఉంటే, వాటిని వెనక్కి తీసేసుకోండి.

కొవ్వూరులో, వంతెన దిగి కాస్త ముందుకొస్తే మా షెడ్డు ఉండేది. ముప్పై ఎనిమిదేళ్ళు అక్కడే పనిచేశాను. ఇంజన్ విప్పేవాళ్ళు, గేర్‌బాక్స్ దించేవాళ్ళు చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. నాకు పేరొచ్చింది మాత్రం శబ్దాల వల్ల. కారులో ఏదో చప్పుడు వస్తోంది, ఎక్కడినుంచో తెలీడం లేదు అంటే నా దగ్గరికి పంపేవారు. కాకినాడ నుంచి కూడా వచ్చేవారు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను పంపు మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు తగిలించి, కళ్ళు మూసుకుని వినేవాణ్ణి. నిజానికి కళ్ళు మూసుకోవాల్సిన పనేమీ లేదు. చూసేవాళ్ళకి బాగుంటుందని మూసుకునేవాణ్ణి. అంత వేషం ఉండేది నాకు.

ఇప్పటి కార్లలో స్టీరింగ్‌కి కరెంటు మోటారు సాయం చేస్తుంది. అప్పట్లో ఎక్కువ కార్లలో నూనె సాయం చేసేది. ఇంజన్ తిప్పితే ఒక చిన్న పంపు తిరిగి, ఆ నూనెను ఒత్తిడితో తోస్తుంది. అందుకే బక్కపల్చటి మనిషి కూడా ఒక చేత్తో చక్రం తిప్పగలిగేవాడు. బెల్టు వదులైతే పొద్దున్నే బండి తీయగానే కీచుమంటుంది. పంపు అరిగితే మూలుగుతుంది. జాయింటు పోతే గతుకుల్లో టక్కుమంటుంది. ఎక్కడో పైపు చిట్లి నూనెలోకి గాలి చేరితే సన్నటి ఈల వస్తుంది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఆ ఈల పైకి పోతుంది. చాలా సన్నటిది, మొదట్లో చాలామంది పట్టించుకోరు. అన్నిట్లోకీ ప్రమాదకరమైనది అదే. గాలి లోపలికి వచ్చే దారిలోనే ఏదో ఒకరోజు నూనె బయటికి పోతుంది. అప్పుడు స్టీరింగ్ ఉన్నట్టుండి బండరాయిలా బిగుస్తుంది.

షెడ్డులో నాతోపాటు ఒక ఎలక్ట్రీషియన్ ఉండేవాడు. బ్యాటరీలు, లైట్లు, వైరింగు అతని పని. నాకన్నా పదిహేనేళ్ళు చిన్న. ఇరవై ఏళ్ళు ఒకే కప్పు కింద పనిచేసినా నన్ను మేస్త్రి గారూ అనే పిలిచేవాడు, నా ఎదుట కుర్చీలో కూర్చునేవాడు కాదు. నేను చూసి పంపేసే ప్రతి బండినీ, చార్జింగు ఎలా ఉందో చూస్తానని అతనొక రౌండు తిప్పుకొచ్చేవాడు. వీడికి బళ్ళు తోలే సరదా ఎక్కువని నేను అందరితో చెప్పి నవ్వేవాణ్ణి.

సుత్తి దెబ్బలు, కంప్రెసర్, జనరేటర్ మధ్య బతికినవాడికి చెవులు ఎప్పుడో ఒకప్పుడు పోతాయి. నాకు పోతున్న సంగతి ఇంట్లోవాళ్ళందరికీ తెలుసు, నాకు తప్ప. సెల్‌ఫోను జేబులో మోగినా తెలిసేది కాదు. మగవాళ్ళ మాట బాగానే అందేది, ఆడవాళ్ళదీ పిల్లలదీ సరిగ్గా అందేది కాదు. దానికి నేను కనిపెట్టిన కారణం ఏంటంటే, ఈ కాలం ఆడవాళ్ళు నోట్లో నోట్లో గొణుగుతారని. మా ఆవిడ ఒకసారి డాక్టరుకి చూపించుకోమంది. నా చెవి మీద బతుకుతున్న మనిషివి నువ్వు, నా చెవికే వంక పెడతావా అని ఆరోజు అన్నం తినకుండా లేచిపోయాను.

ఇక మొదట్లో అన్నాను కదా, ఆ ఇంటి ఇల్లాలి గురించి చెప్పాలి. ఆడపిల్లల హైస్కూల్లో సంగీతం టీచరు. యాభై దాటాయి. భర్త నీటిపారుదల ఆఫీసులో గుమాస్తాగా చేస్తూ పక్షవాతంతో పడిపోయారు. కుడిచెయ్యి, కుడికాలు పోయాయి, మాట పోయింది. ఏడాది పాటు వదలకుండా వ్యాయామాలు చేయిస్తే కర్ర పట్టుకుని నడుస్తారని రాజమండ్రి డాక్టరు చెప్పారట. వారానికి మూడు రోజులు తీసుకెళ్ళాలి. ఆటోలో కూర్చోబెడితే ఆయన పక్కకి ఒరిగిపోయేవారు. అందుకని ఆవిడ ఆ వయసులో డ్రైవింగ్ నేర్చుకుని, పాత కారు ఒకటి కొనుక్కుని, కాలువ గట్టు మీద నుంచి కొవ్వూరు వచ్చి, వంతెన దాటి ఆయన్ని తీసుకెళ్ళేది. ఇది ఆవిడ మరిదికి ఇష్టం లేదు. అన్నయ్యని చంపుతావా వదినా అని నలుగురిలో అనేవాడట. అయినా ఐదు నెలలు నడిపింది. ఐదో నెలలో ఆయన కుర్చీ పట్టుకుని లేచి నిలబడ్డారు.

గుడ్ ఫ్రైడే రోజు ఆవిడ ఒక్కతే మా షెడ్డుకి వచ్చింది. మా ఎలక్ట్రీషియన్ లేడు. వాళ్ళు లూథరన్లు, ఆ రోజు పొద్దున్నుంచి చర్చిలోనే ఉంటాడు. షెడ్డులో నేనూ, బళ్ళ కోసం వచ్చిన ముగ్గురు నలుగురూ ఉన్నాం.

"మేస్త్రి గారూ, చక్రం తిప్పుతుంటే సన్నగా ఈల వస్తోందండి."

"ఎలా వస్తోందమ్మా?"

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, గొంతు సవరించుకుని పాడి చూపించింది. "ఇదిగోండి, ఇక్కడ మొదలవుతుందండి. యాక్సిలరేటర్ తొక్కితే పంచమం దాకా పోతోంది."

పక్కనున్నవాళ్ళు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. బండి స్టార్ట్ చేయించి, చక్రం ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పించాను. స్క్రూడ్రైవరు పెట్టి విన్నాను, యథాప్రకారం కళ్ళు మూసుకుని. ఇంజన్ చప్పుడు వినిపించింది. బెల్టు తిరుగుతున్న చప్పుడు వినిపించింది. ఈల ఏదీ లేదు.

"ఏమీ లేదమ్మా."

"ఇప్పుడు వస్తోంది కదండీ. వినండి... ఇదిగో."

"టీచరు గారూ, మీది సంగీతం చెవి. లేనివి కూడా వినిపిస్తాయి."

మళ్ళీ నవ్వులు. ఆవిడ మొహం ఎర్రబడింది. "ఏమోనండి, నాకైతే స్పష్టంగా వినపడుతోంది. ఆయన్ని ఎక్కించుకుని తిరగాలి కదండీ, అదే నా భయం. ఒక్కసారి లోపల చూడకూడదా?"

పంపుకి నూనె అందించే డబ్బా పక్కనే ఉంది. తెల్ల ప్లాస్టిక్ డబ్బా, బయటినుంచే గీత కనిపిస్తుంది. నూనె గీతకు కాస్త కిందగా ఉంది. అంతమాత్రం మామూలే అనుకున్నాను. మూత తీసి ఉంటే నూనె నిండా నురగ కనిపించేది. గాలి చేరిందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. మూత తీయడానికి పట్టేది అర నిమిషం. నేను తీయలేదు. ఎందుకు తీయలేదని ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. నలుగురిలో ఏమీ లేదని చెప్పేశాక, ఆడమనిషి ఉందంటోందని మూత తీయడం నాకు నామోషీ అనిపించింది. ఇదే కారణం. ఇంతకన్నా మంచి కారణం వెతికాను, దొరకలేదు.

"ధైర్యంగా తిప్పుకోండమ్మా. పూచీ నాది" అన్నాను.

"సరేలెండి. మీరు చెప్పాక ఇంకేముంది" అని ఆవిడ వెళ్ళిపోయింది. మన వైపు మనుషుల మర్యాద ఇలాగే ఉంటుంది. కళ్ళెదుట తప్పు కనిపిస్తున్నా పెద్దవాడి మాట కాదనరు. ఆవిడ నాతో దెబ్బలాడి ఉంటే బాగుండేది. నాలుగు తిట్టి ఇంకో షెడ్డుకి తీసుకెళ్ళి ఉంటే ఇంకా బాగుండేది.

పదకొండో రోజు మధ్యాహ్నం ఆ కారును ట్రాక్టరుకి కట్టి మా షెడ్డుకి ఈడ్చుకొచ్చారు. వ్యాయామాలకి వెళ్తుండగా కాలువ గట్టు మలుపులో బండి తిరగలేదు. తిన్నగా పోయి తూము గోడను గుద్దుకుంది. ఆ గోడే లేకపోతే ఇద్దరూ కాలువలో ఉండేవారు. ఆవిడ మణికట్టు విరిగింది. ఆయనకి పైకి పెద్ద దెబ్బలు లేవు గానీ, నిలబడడం మొదలుపెట్టిన మనిషి మళ్ళీ మంచం పట్టారు.

బానెట్ ఎత్తాను. మా ఎలక్ట్రీషియన్ నా పక్కనే ఉన్నాడు. డబ్బాలో చుక్క నూనె లేదు. డబ్బా నుంచి పంపుకి వెళ్ళే రబ్బరు పైపు క్లిప్పు దగ్గర నిలువునా చిట్లిపోయింది. గుద్దుకున్నప్పుడు తెగిందని అనుకోవడానికి లేదు. పైపు కింద ఇనుము మీద నూనె జిడ్డు, దాని మీద దుమ్ము పేరుకుని అట్ట కట్టింది. ఒక రోజులో పేరుకునే జిడ్డు కాదది. చాలా రోజుల నుంచి చెమ్మ కారుతోంది. ఆవిడ పాడి చూపించిన ఈల అక్కణ్ణుంచే వచ్చింది. అతను నా వైపు చూశాడు, నేను అతని వైపు చూడలేదు.

అప్పుడే మరిది, ఊళ్ళో పెద్దమనుషులు ఇద్దరు వచ్చారు. ఆవిడ కూడా వచ్చింది. ఆసుపత్రి నుంచి నేరుగా తెచ్చారు, చేతికి కట్టు ఉంది. కుర్చీ వేస్తే అంచున కూర్చుంది.

"స్టీరింగ్ బిగుసుకుపోయిందండి. ఎంత లాగినా తిరగలేదు" అంది, అందరినీ ఉద్దేశించి.

"కంగారుపడిపోయి ఉంటావు వదినా. నేను ముందే చెప్పానా లేదా?" అని మరిది నా వైపు తిరిగాడు. "మేస్త్రి గారూ, మీరు చెప్పండి. మీ మాటే మాకు ప్రమాణం. బండిలో లోపం ఉందాండి? లేక మా వదిన తోలడంలో తేడానా?"

ఇదీ నా జీవితంలో ముఖ్యమైన రోజు. షెడ్డు తెరిచిన రోజు కాదు, కాకినాడ నుంచి మొదటి కారు వచ్చిన రోజు కాదు. ఆవిడ నా మొహంలోకి చూస్తోంది. ఆవిడకి ఇంకేమీ అక్కర్లేదు. బండిలో లోపం ఉందమ్మా అన్న ఒక్క మాట చాలు. ఆ మాట అంటే తాళాలు ఆవిడ చేతిలో ఉంటాయి, చెయ్యి అతుక్కున్నాక మళ్ళీ రాజమండ్రి వెళ్తుంది, ఆయన మళ్ళీ నిలబడతారు. నాకు మాత్రం ముప్పై ఎనిమిదేళ్ళ పేరు ఆ పెద్దమనుషుల ముందే పోతుంది.

"గుద్దుకున్నప్పుడు పైపు తెగినట్టుందండి" అన్నాను. "అంతకుముందు బండి బాగానే ఉంది. పది రోజుల కిందటే నేను చూశాను."

ఎలక్ట్రీషియన్ ఏదో అనబోయి ఆగిపోయాడు. మరిది "చూశారా అండీ" అన్నట్టు పెద్దమనుషుల వైపు చూశాడు. ఆవిడ తల దించుకుని, "మేస్త్రి గారు అబద్ధం ఎందుకు చెప్తారు? నాకే ఏదో వినిపించినట్టుంది" అంది. ఎడం చేత్తో సంచిలోంచి తాళాలు తీసి మరిదికి ఇచ్చేసింది.

ఆ తర్వాతి సంగతులు నాకు ముక్కలు ముక్కలుగా తెలిశాయి. కారు అమ్మేశారు. ఒక వ్యాయామాలాయన ఇంటికి వచ్చి కొన్ని వారాలు చేయించి, దూరమని మానేశాడు. ఆవిడ పనిచేసే స్కూలు నుంచి ఒక మాస్టారు బండి సర్వీసుకి వచ్చి, మా సంగీతం టీచరు ఉద్యోగం మానేసిందండి అన్నాడు. ఏమైంది అని అడిగాను. పిల్లలు పాడుతుంటే అపశ్రుతి వినిపించి ఆపుతుందట, ఆపాక తనకే అనుమానం వస్తుందట, అది నిజంగా పిల్లల తప్పా తన చెవి తప్పా అని. పక్క టీచరుని పిలిచి అడిగేదట. అలా ఎన్నాళ్ళు చెప్తుంది? నా చెవుడు తీసుకెళ్ళి ఆవిడ చెవులకి అంటగట్టాను. ఆ మాస్టారు వెళ్ళాక షట్టరు సగం దించి లోపల కూర్చున్నాను. ఏడుపు వస్తే కొంచెం తేలికయ్యేదేమో, అదీ రాలేదు.

ఒకరోజు మా ఎలక్ట్రీషియన్ టీ గ్లాసు పట్టుకుని నా ముందు నిలబడ్డాడు.

"మేస్త్రి గారూ, ఒక మాట చెప్తాను, ఏవనుకోకండే."

"చెప్పు."

"మీకు సన్న శబ్దాలు వినపడట్లేదండి. నాలుగేళ్ళ నించీ చూత్తన్నాను. అందుకేనండి, మీరు పంపేసిన బండి నేనొకసారి తిప్పుకొచ్చేవోణ్ణి. ఏదన్నా ఉంటే నేనే బిగించేసి ఊరుకునేవోణ్ణి. ఆరోజు చర్చికి పోయానండి. లేకపోతే..."

"నాలుగేళ్ళుగా తెలిసి నాకెందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పమంటారండి? మీరు పెద్దోరు."

అప్పుడు నేనేం చేశానో రాయకుండా ఉండాలని చాలా అనిపించింది. అతని కాళ్ళు పట్టుకోవాల్సింది పోయి, నా షెడ్డులో ఉండి నా మీదే నిఘా పెడతావా అని అరిచాను. అతను గ్లాసు బల్ల మీద పెట్టి, పనిముట్లు సర్దుకుని, వెళ్ళొత్తానండి అని చెప్పి మరీ వెళ్ళిపోయాడు. ఇప్పుడు రాజమండ్రిలో వేరే షెడ్డులో ఉన్నాడు. తర్వాత రెండుసార్లు ఫోను చేశాను. ఎంతో మర్యాదగా మాట్లాడాడు గానీ తిరిగి రాలేదు.

చివరికి కాకినాడ వెళ్ళి చెవులు పరీక్ష చేయించుకున్నాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినపడగానే మీట నొక్కమన్నారు. చాలాసేపు ఏ శబ్దమూ రాలేదు. మిషను పాడైనట్టుందండి అన్నాను. డాక్టరమ్మ కాగితం మీద గీత చూపించింది. సగం దాకా తిన్నగా వచ్చి, అక్కణ్ణుంచి కిందికి జారిపోయింది. లావు శబ్దాలు వినపడతాయి, సన్నవి వినపడవు, కనీసం పదేళ్ళ నుంచి ఇలాగే ఉండి ఉంటుంది అంది. ఆ పదేళ్ళలో నా పూచీ మీద ఎన్ని బళ్ళు వంతెన దాటాయో లెక్క కట్టబోయి మానేశాను.

చెవికి మిషను పెట్టుకుని షెడ్డుకి వెళ్ళిన మూడో రోజు ఒక పాత కారు వచ్చింది. చక్రం తిప్పించాను. సన్నగా ఈల వినిపించింది. డ్రైవరు యాక్సిలరేటర్ తొక్కితే, ఆవిడ పాడి చూపించినట్టే పైకి పోయింది. ఇంత స్పష్టంగా ఉంటుందా ఇది అనుకున్నాను. ఆ బండిని వేరే షెడ్డుకి పంపి, ఆ నెలాఖరుకి తాళం వేసేశాను. వయసైపోయి విశ్రాంతి తీసుకుంటున్నానని అందరికీ చెప్పాను. ఐటీఐలో నన్ను పరిచయం చేసినాయన కూడా అదే చెప్పారు.

మీరు నేర్చుకోవాల్సింది ఏదైనా ఉంటే, అది చెవి గురించి కాదు. చెవులు ఎవరివైనా పోతాయి. బండి రోజూ నడిపే మనిషి శబ్దం వస్తోంది అంటే, మీకు వినపడకపోయినా సరే, మూత తీయండి. పక్కనున్నవాళ్ళు నవ్వినా తీయండి. ఇలా చెప్పే అర్హత నాకు లేదు. అయినా నాకన్నా బాగా తెలిసినవాడు మీకు దొరకడు.

షెడ్డు మూశాక ఆవిడ దగ్గరికి వెళ్ళి నిజం చెప్పాలనుకున్నాను. వర్షాలు తగ్గాక వెళ్దాం అనుకున్నాను. మోకాళ్ళ నొప్పి తగ్గాక అనుకున్నాను. అలా ఏడాది దాటిపోయింది. ఐటీఐ నుంచి శాలువా కప్పుకుని వచ్చిన మర్నాడు మాత్రం ఆగలేకపోయాను. బస్సు దిగి అడుగుతూ వెళ్ళాను. ఆవిడ తలుపు తీసి, నన్ను గుర్తుపట్టి, "రండి మేస్త్రి గారూ, కూర్చోండి" అని కుర్చీ వేసింది. మంచినీళ్ళు తెచ్చింది. నేను తాగలేదు. దారంతా కూడబలుక్కున్నది మొత్తం ఒక్క గుక్కలో చెప్పేశాను.

"ఆ ఈల ఉందమ్మా. మీకు వినపడింది నిజమే. నాకే చెవుడు. పైపు అంతకుముందు నుంచే కారుతోంది. తెలిసీ ఆరోజు అందరి ముందూ అబద్ధం చెప్పాను. మీ తప్పు ఏమీ లేదు."

ఆవిడ నిలబడే ఉంది. కోప్పడుతుందని ఎదురుచూశాను. తిడితే పడదామనే వెళ్ళాను. ఆవిడ గొంతు కూడా పెంచలేదు.

"ఆ తర్వాత ఆయన్ని నేను పట్టుకుని కూర్చోబెట్టబోతే ఎడం చేత్తో తోసేసేవారండి. అన్నం కూడా మా మరిది పెడితేనే తినేవారు. నా తప్పు లేదండీ అని రోజూ చెప్పేదాన్ని. మొహం గోడవైపు తిప్పేసుకునేవారు."

లోపలి గదిలో మంచం ఖాళీగా ఉంది. పరుపు చుట్టి గోడకి నిలబెట్టారు. నేను అటు చూడడం ఆవిడ చూసింది.

"పోయి ఎనిమిది నెలలైందండి. ముందే వచ్చి ఈ మాట ఆయన ముందు చెప్పి ఉంటే వినేవారు. మాట పోయింది గానీ, చెవులు చివరిదాకా బాగానే వినపడేవండి ఆయనకి."